రిజిస్టర్డ్ నర్సు వృత్తి: దుండిగల్ ప్రాంతం నుంచి ఒక పరిశీలన

గుర్తింపు పొందిన నర్సింగ్ కోర్సు పూర్తిచేసి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవారిని రిజిస్టర్డ్ నర్సు అంటారు. జనం నోట ఆసుపత్రిలో యూనిఫారం వేసుకున్న ఆడమనిషి ఎవరైనా ‘సిస్టరే’. చట్టం మాత్రం కౌన్సిల్ రిజిస్టరులో పేరున్నవారినే నర్సుగా గుర్తిస్తుంది. హైదరాబాద్ ఉత్తరపు శివార్లలో ఇంటర్ బైపీసీ చదివే పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, చాలామంది ఈ దారి గురించి ఆలోచిస్తారు. అప్పుడు ఇంట్లో వినిపించే ప్రశ్నలు సాధారణంగా రెండు: గవర్నమెంటు ఉద్యోగం వస్తుందా, విదేశాలకు వెళ్లొచ్చా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే వాటికి జవాబు దొరికే చోటు వార్డు. కళాశాలను దాని ఆసుపత్రిని బట్టి, తొలి ఉద్యోగాన్ని అక్కడి వార్డును బట్టి ఎంచుకున్నవారికి మిగతా తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. రోగి మంచం పక్కన గడిపిన మొదటి అయిదేళ్లే ఈ వృత్తికి పెట్టుబడి. ఈ వ్యాసం చదువు, నమోదు, ఉద్యోగాలు, వలస, ఎదుగుదల అనే అంశాలను ఆ దృష్టితో పరిశీలిస్తుంది.

ప్రాంతం, నేపథ్యం

దుండిగల్ అనగానే ఎవరికైనా వాయుసేన అకాడమీ గుర్తొస్తుంది. గత ఇరవై ఏళ్లలో ఈ వైపు వైద్య విద్యాసంస్థలు కూడా వరుసగా వెలిశాయి. దుండిగల్‌లో అరుంధతి వైద్య విజ్ఞాన సంస్థ, సూరారంలో మల్లారెడ్డి వైద్య కళాశాలలు, మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్‌లో మెడిసిటి సంస్థ ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ సొంత బోధనాసుపత్రి ఉంది. కుత్బుల్లాపూర్‌కు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరైంది. షామీర్‌పేట వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద, అల్వాల్‌లో, వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ ప్రధాన కేంద్రం మేడ్చల్ రోడ్డు మీది దేవరయాంజాల్‌లోనే ఉంది. తుర్కపల్లి చుట్టూ టీకాలు, మందులు తయారుచేసే జినోమ్ వ్యాలీ, ఇటు జీడిమెట్ల నుంచి గాగిల్లాపూర్ దాకా ఫ్యాక్టరీలు విస్తరించాయి. గండిమైసమ్మ చౌరస్తా నుంచి బస్సెక్కితే చేరుకోగల ఇన్ని పనిచోట్లు తెలంగాణలో చాలా జిల్లాల పిల్లలకు అందుబాటులో లేవు. ఈ ప్రాంతపు విద్యార్థికి ఇది పెద్ద సౌకర్యం. దాన్ని వాడుకోవాలంటే ముందు ఏ ఆసుపత్రి ఏం నేర్పుతుందో చూడగలగాలి.

తెలుగు నేల మీద శిక్షణ పొందిన నర్సులు మొదట మిషన్ ఆసుపత్రుల నుంచి వచ్చారు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి అలాంటి తొలి కేంద్రాల్లో ఒకటి. 1946లో దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ లెక్క తీసినప్పుడు దేశం మొత్తం మీద ఉన్న నర్సులు దాదాపు ఏడు వేలు, అంటే 43 వేల మందికి ఒక్కరు. అదే ఏడాది దిల్లీలోనూ, వెల్లూరులోనూ బీఎస్సీ నర్సింగ్ మొదలైంది. మరుసటి ఏడాది భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఆ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్‌ను నెలకొల్పడానికి పార్లమెంటు 2023లో కొత్త చట్టం చేసింది. కొరత మాత్రం ఇప్పటికీ తీరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులుంటే, ఇంకా 58 లక్షల మంది తక్కువ పడుతున్నారు. కాబట్టి నర్సింగ్ చదివినవారికి పని దొరకదన్న భయానికి పెద్దగా ఆధారం లేదు. ఎలాంటి పని, ఎంత జీతానికి, ఎంత గౌరవంతో దొరుకుతుందన్నదే ఆలోచించాల్సిన విషయం.

చదువు, కళాశాల ఎంపిక

ఈ రంగంలోకి వచ్చే దారులు మూడు. ఏఎన్‌ఎం కోర్సు రెండేళ్లు. పూర్తిచేసినవారు ముఖ్యంగా గ్రామాల్లో, ఉపకేంద్రాల్లో తల్లీబిడ్డల సేవలు, టీకాల పని చూస్తారు. జీఎన్‌ఎం మూడేళ్ల డిప్లొమా. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినవారైనా చేరవచ్చు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. దీనికి ఇంటర్‌లో బైపీసీ, ఇంగ్లిషు ఉండాలి, జనరల్ అభ్యర్థులకు 45 శాతం మార్కులు రావాలి, 17 ఏళ్లు నిండాలి. జీఎన్‌ఎం చేసినవారు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీతో డిగ్రీ స్థాయికి చేరవచ్చు. తెలంగాణలో బీఎస్సీ సీట్ల భర్తీని వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తుంది. ఒకప్పుడు ఇంటర్ మార్కులతోనే సీటు వచ్చేది. 2022 నుంచి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ ర్యాంకు ఆధారమైంది. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి కనుక ఆ సంవత్సరపు నోటిఫికేషన్ చదవందే ఎవరి మాట మీదా డబ్బు కట్టకూడదు. ఇంట్లో స్తోమత లేక జీఎన్‌ఎంతో మొదలుపెట్టినవారు దారి తప్పినట్టు కాదు. కాకపోతే వారు డిగ్రీకి చేరే ఆ రెండేళ్లను మొదటి నుంచే లెక్కలో ఉంచుకోవాలి.

కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనం, హాస్టల్, బస్సు, ఫీజు చూస్తారు. తప్పకుండా చూడాల్సిన ఆసుపత్రిని చూసేవారు తక్కువ. బీఎస్సీ కళాశాలకు కనీసం వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, ప్రతి విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున క్లినికల్ అవకాశం ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ నియమం. కాగితం మీద పడకలుండటం వేరు, వాటిలో రోగులుండటం వేరు. దీన్ని తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఏదో ఒక మామూలు రోజు ఉదయం పది గంటలకు ఆ ఆసుపత్రి ఓపీకి వెళ్లి కూర్చుంటే చాలు. చీటీల దగ్గర వరస ఎంతుందో, జనరల్ వార్డులో ఎన్ని మంచాలు నిండాయో, కాన్పుల వార్డులో బాలింతలున్నారో లేదో కంటికే కనిపిస్తుంది. చివరి సంవత్సరం విద్యార్థినులను అడిగితే రాత్రి డ్యూటీలు పడతాయా, కాన్పులు స్వయంగా చేయించారా, కేస్ షీట్ రాయనిస్తారా అన్నవి చెబుతారు. 2021 నుంచి అమల్లోకి వచ్చిన సెమిస్టర్ పద్ధతిలో ఎనిమిదో సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్. వారానికి 48 గంటల చొప్పున 22 వారాలు వార్డుల్లో పనిచేయాలి. రోగులు లేని ఆసుపత్రిలో ఆ 22 వారాలు హాజరు పట్టీలో నిండుతాయి, చేతికి మాత్రం ఏమీ అబ్బదు.

నమోదు: ఒక్కరోజు పని కాదు

కోర్సు పాసైన వెంటనే తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. డిగ్రీ, డిప్లొమా రెంటిలోనూ ప్రసూతి శిక్షణ కలిసి ఉంటుంది కనుక ‘రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్’ అన్న రెండు హోదాలూ కలిపే వస్తాయి. దేశవ్యాప్త నమోదు వ్యవస్థలో ప్రతి నర్సుకు ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. వేరే రాష్ట్రంలో పనిచేయాలన్నా, విదేశాలకు దరఖాస్తు చేయాలన్నా ఈ రికార్డే మూలం. అక్కడివాళ్లు మన కౌన్సిల్‌నూ కళాశాలనూ నేరుగా సంప్రదించి, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారు, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారు అని ధ్రువీకరణ కోరతారు. అందుకే పదో తరగతి మెమోలో ఉన్న పేరే అక్షరం పొల్లు పోకుండా డిగ్రీలోనూ, రిజిస్ట్రేషన్‌లోనూ, పాస్‌పోర్టులోనూ ఉండేలా చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక రాయించుకుని, పదేళ్ల తర్వాత దాన్ని సరిచేయించడానికి నెలల తరబడి తిరిగేవారు ఎందరో ఉన్నారు. రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దానికి 150 గంటల నిరంతర విద్య ఉండాలని కౌన్సిల్ చెబుతోంది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామని ఎవరైనా అంటే అది చిన్న షరతు కాదు. ఆ కాగితాలు చేతిలో లేని నర్సుకు ఇంకో చోట దరఖాస్తు చేసుకునే వీలే ఉండదు.

తొలి అయిదేళ్లు: చేతికి వచ్చే విద్య

అనుభవం అనే మాట ఎంత బరువైనదో రెండు ఉదాహరణలతో తెలుస్తుంది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది; పెన్నుల్లో వచ్చేది వంద యూనిట్లది. సిరంజీలూ రెండు రకాలు: 40 గుర్తుల సిరంజికి ఎర్ర మూత, వంద గుర్తుల దానికి నారింజ మూత. డాక్టరు పది యూనిట్లు రాశారనుకుందాం. 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజిలో పది గీత దాకా తీస్తే రోగికి అందేది నాలుగు యూనిట్లే. వంద యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో పది గీత దాకా తీస్తే ఇరవై అయిదు యూనిట్లు ఒంట్లోకి వెళ్తాయి. చక్కెర పడిపోయి ఆ మనిషి స్పృహ తప్పవచ్చు. ఈ లెక్క పుస్తకంలో ఉంది, పరీక్షలో అందరూ రాస్తారు. రాత్రి రెండు గంటలకు, ముప్పై మంది రోగుల మధ్య, ఒక మంచం దగ్గర సెలైన్ అయిపోయి ఇంకో మంచం నుంచి పిలుపు వస్తున్న వేళ, సీసా మీది అంకెను, చేతిలోని సిరంజి మూత రంగును చూడకుండా సూది ఎత్తని అలవాటు మాత్రం వార్డులోనే వస్తుంది.

రెండోది కాన్పుల వార్డు సంగతి. గర్భిణికి రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చినప్పుడు మెగ్నీషియం సల్ఫేటు ఇస్తారు. ప్రాణం నిలిపే ఆ మందే మోతాదు మించితే ఊపిరిని ఆపుతుంది. అందుకని ప్రతి డోసుకు ముందు నర్సు మూడు సంగతులు చూడాలి: మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగురుతోందా, నిమిషానికి ఊపిరి కనీసం 16 సార్లు ఆడుతోందా, గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా మూత్రం వస్తోందా. ఏ ఒక్కటి తప్పినా డోసు ఆపి డాక్టరును పిలవాలి, విరుగుడైన కాల్షియం గ్లూకోనేటు సిద్ధంగా ఉంచాలి. ఇక్కడ నిర్ణయం క్షణాల్లో జరగాలి, ఆ క్షణంలో మంచం పక్కన ఉండేది నర్సే. ఇలాంటి నిర్ణయాలు తీసుకునే సత్తా అనుభవజ్ఞులైన హెడ్ నర్సుల కింద పనిచేస్తేనే వస్తుంది. ఉదయం డ్యూటీ మారేటప్పుడు మంచం మంచం దగ్గర ఆగి హ్యాండోవర్ ఇచ్చే వార్డు, తప్పు జరిగితే దాచకుండా రాయమనే వార్డు, తొలి ఉద్యోగానికి మంచి వార్డు. పడకల సంఖ్య, కేసుల రకం, నర్సుకు ఎంతమంది రోగులు అన్నవి అడిగి తెలుసుకోవాలి. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఐసీయూలో ఒక రోగికి ఒకరు. చాలాచోట్ల ఈ ప్రమాణం అందని మాటే. దానికి దగ్గరగా ఉన్న చోటును ఎంచుకోవడం అటు రోగికీ, ఇటు నేర్చుకునేవారికీ మేలు.

ప్రభుత్వ కొలువులు

తెలంగాణలో నర్సుల నియామకాలు వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు ద్వారా జరుగుతాయి. 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రకటన వచ్చింది. తర్వాత ఆ సంఖ్య 7,094కు పెరిగింది. ఎంపికైనవారికి 2024 జనవరి చివరన హైదరాబాద్‌లో నియామక పత్రాలు అందాయి. 2024 సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు ప్రకటన వెలువడింది. ఈ మధ్యలో హోదా పేరు కూడా మారింది: స్టాఫ్ నర్సును ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు. మూలవేతన స్కేలు రూ.36,750 నుంచి రూ.1,06,990 వరకు. మొత్తం వంద పాయింట్లలో రాతపరీక్షకు 80, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు 20. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలలకు రెండున్నర, ఇతర చోట్ల రెండు పాయింట్లు వస్తాయి. ఒక్క పాయింటుకు వందల ర్యాంకులు తారుమారయ్యే పోటీలో ఈ ఇరవై పాయింట్లు చిన్నవి కావు. వాటిని కోచింగ్ సెంటర్లో సంపాదించలేం.

కేంద్ర ప్రభుత్వ స్థాయిలో బీబీనగర్‌తో సహా ఎయిమ్స్ సంస్థలన్నిటికీ కలిపి నార్సెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. మూలవేతనం రూ.44,900 నుంచి మొదలవుతుంది. బీఎస్సీ చేసినవారు నేరుగా రాయవచ్చు. జీఎన్‌ఎం వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం తప్పనిసరి. ఈ ఒక్క నిబంధన తెలియక, ఇంటికి దగ్గరని ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌లో మూడేళ్లు చేసినా దరఖాస్తుకు ఆ కాలం పనికిరాదు. ఎయిమ్స్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు కేటాయిస్తున్నారు. ఈ వృత్తి ఆడవారిదే అనుకునే మగపిల్లలకు ఇది తెలియాలి. అమ్మాయిలకు మరో దారి సైనిక నర్సింగ్ సేవ. 2022 నుంచి దీనికి నీట్ రాయాలి. పుణె, కోల్‌కతా, బెంగళూరు వంటి చోట్ల సైనిక కళాశాలల్లో బీఎస్సీ చదివినవారు లెఫ్టినెంట్ హోదాతో సర్వీసులో చేరతారు. అకాడమీ విమానాలు రోజూ తలమీదుగా వెళ్లే దుండిగల్ పిల్లల్లో యూనిఫారం మీద మోజు ఉన్నవారెందరో. ఆ యూనిఫారం వేసుకునే దారుల్లో ఇదీ ఒకటని వారికి చెప్పాలి.

విదేశాల దారి

అమెరికాలో పనిచేయాలంటే ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసవ్వాలి. అది హైదరాబాద్‌లోనే రాయవచ్చు. అభ్యర్థి జవాబులను బట్టి ప్రశ్నల కఠినత్వం మారుతూ, 85 నుంచి 150 ప్రశ్నల మధ్య కంప్యూటరు తీర్పు చెబుతుంది. 2023 ఏప్రిల్ నుంచి పరీక్షలో కేస్ స్టడీలు చేర్చి, రోగి పరిస్థితిని చదివి నిర్ణయం తీసుకునే శక్తిని పరీక్షిస్తున్నారు. పాసైనా భారతీయులకు గ్రీన్ కార్డు వరస పదేళ్లకు మించి సాగుతోంది కనుక దాన్నే నమ్ముకుని కూర్చోవడం మంచిది కాదు. బ్రిటన్‌లో కంప్యూటర్ పరీక్ష, ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ ఇంగ్లిషు పరీక్ష స్కోరు తర్వాత, పది స్టేషన్లలో పరీక్షకుల కళ్లముందు పనిచేసి చూపించే పరీక్ష ఉంటుంది. జర్మనీలో పూర్తి గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాష బీ2 స్థాయి దాకా రావాలి. గల్ఫ్ ఆసుపత్రుల ప్రకటనల్లో రెండేళ్ల అనుభవం మామూలు షరతు. ఎటు చూసినా భాష, అనుభవం అనే రెండు మెట్లు తప్పవు.

ఏజెంట్ల విషయంలో గట్టి జాగ్రత్త అవసరం. గల్ఫ్‌కు పంపిస్తామని నర్సుల నుంచి లక్షలు వసూలు చేసిన సంఘటనలు బయటపడ్డాక, కేంద్రం 2015లో నిబంధన తెచ్చింది: గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు వలస అనుమతి తప్పనిసరి, నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలి. తెలంగాణకు టామ్‌కామ్ అలాంటి సంస్థ. జర్మనీ, జపాన్ వంటి దేశాల ఉద్యోగాలకు నర్సులను భాషా శిక్షణతో సిద్ధం చేసే పని కూడా అది చూస్తోంది. భూమి అమ్మి ఏజెంటు చేతిలో పోసేముందు ఆ ఆఫీసు గడప తొక్కడం ఖర్చులేని పని.

ప్రత్యేక నైపుణ్యాలు, ఆసుపత్రి బయటి పనులు

జనరల్ వార్డులో రెండు మూడేళ్లు పనిచేశాక ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, క్యాన్సర్, నవజాత శిశు విభాగం వంటి వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం మంచిది. ఎంఎస్సీ నర్సింగ్‌కు బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం ఉండాలి; క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుకూ అంతే. తెలంగాణలో మిడ్‌వైఫరీకి ప్రత్యేకమైన అవసరం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. దీన్ని తగ్గించేందుకు యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి రాష్ట్రం కరీంనగర్‌లో 2017లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. సహజ కాన్పుకు తల్లిని ధైర్యంగా నడిపించగల నర్సు ఈ రాష్ట్రానికి కావాలి.

పల్లె దవాఖానాల్లో నర్సింగ్ చదివినవారు మధ్యస్థాయి ఆరోగ్య సేవకులుగా పనిచేస్తున్నారు. ఈ ప్రాంతంలో మరో రెండు దారులు చేతికందే దూరంలో ఉన్నాయి. చట్టం ప్రకారం 500 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో అంబులెన్సు గది, దానికి వైద్య, నర్సింగ్ సిబ్బంది ఉండాలి. రసాయనాలతో పనిచేసే జీడిమెట్ల, గాగిల్లాపూర్ వైపు యాసిడ్ పడ్డ కంటిని వెంటనే నీళ్లతో ఎంతసేపు కడగాలో తెలిసిన నర్సు విలువ చెప్పనక్కర్లేదు. జినోమ్ వ్యాలీ టీకాలు జనానికి చేరేముందు ఆసుపత్రుల్లో ప్రయోగ పరీక్షలు జరుగుతాయి. వాటిలో పాల్గొనేవారి అంగీకారం తీసుకోవడం, నమూనాలు సేకరించడం, దుష్ప్రభావాలు నమోదు చేయడం వంటి పనుల్లో అనుభవజ్ఞులైన నర్సులకు చోటుంది.

అభ్యంతరాలు, సమాధానాలు

మొదటి అభ్యంతరం జీతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో కొత్త నర్సుకు ఇచ్చేది ఇంటి అద్దెకూ బస్సు ఖర్చుకూ చాలదని, అలాంటిచోట ‘అనుభవం’ కోసం ఏళ్లు గడపమనడం అన్యాయమని అంటారు. జీతాలు తక్కువన్నది నిజం, దాన్ని సమర్థించనక్కర్లేదు. సుప్రీంకోర్టు 2016 ఆదేశం మేరకు ఏర్పడిన కేంద్ర కమిటీ స్పష్టంగానే చెప్పింది: 200 పడకలు మించిన ప్రైవేటు ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, వంద నుంచి 200 పడకలుంటే పది శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి వంద పడకలుంటే 25 శాతానికి మించి తగ్గకూడదు, యాభైలోపు పడకలున్నా జీతం రూ.20 వేలకు తగ్గకూడదు. సిఫార్సు అమలు కాకపోవడం ప్రభుత్వాల, యాజమాన్యాల వైఫల్యం. దానికోసం నర్సుల సంఘాలు పోరాడాలి, సమాజం వారి పక్షాన నిలవాలి. కానీ ఒక నర్సు తన ఒక్కదాని విషయంలో ఈలోగా తీసుకునే నిర్ణయానికి ఈ సిఫార్సే ఒక సూచన ఇస్తుంది: ఆసుపత్రి పెద్దదైన కొద్దీ జీతానికి ఆధారమూ, నేర్చుకునే అవకాశమూ రెండూ పెరుగుతాయి. జీతం, నేర్పు రెండూ లేని చోట ఆరు నెలలకు మించి ఉండకూడదు.

రెండోది, గవర్నమెంటు ఉద్యోగమే లక్ష్యమైతే డిగ్రీ కాగానే కోచింగ్‌లో చేరి ఏడాది చదవడమే మేలన్న వాదన. ఏటా కొందరు అలా నెగ్గుతారు. అయితే ఎంతమంది రాస్తే ఎందరికి వస్తుందో, మళ్లీ ప్రకటన ఎప్పుడో ఎవరి చేతిలోనూ లేదు. వార్డు వదిలి రెండేళ్లు గదిలో చదివినవారికి పోస్టు రాకపోతే చేతిలో నైపుణ్యమూ, అనుభవ ధ్రువపత్రమూ రెండూ మిగలవు. పనిచేస్తూ చదివినవారికి కనీసం ఒకటి మిగులుతుంది. రాష్ట్ర పరీక్షలో సేవకు పాయింట్లుండటం, నార్సెట్ రెండో దశలో, ఎన్‌క్లెక్స్‌లో సందర్భం ఇచ్చి ప్రశ్నలడగడం కూడా వార్డును వదలనివారివైపే మొగ్గుతాయి.

మూడోది నైతికమైన అభ్యంతరం: ఇక్కడే కొరత ఉంటే విదేశాలకు వెళ్లమని చెప్పడం సబబేనా? నర్సుల కొరతకు వారు వెళ్లిపోవడం ఒక్కటే కారణం కాదు. మంజూరైన పోస్టులు ఖాళీగా ఉండటం, ప్రమాణాల ప్రకారం పోస్టులే లేకపోవడం, జీతాలు చాలక చదివినవారు వృత్తి మానేయడం కూడా కారణాలే. నిలుపుకోవాల్సింది మంచి పని పరిస్థితులతో. పాస్‌పోర్టుకు అడ్డుపడి కాదు. నాలుగో అభ్యంతరం ఇళ్లలో వినిపించేది: రాత్రి డ్యూటీలు, పెళ్లి, పిల్లలు. ప్రసూతి సెలవు 26 వారాలు చట్టబద్ధమైన హక్కు. యాభై మంది పనిచేసే ప్రతిచోటా శిశు సంరక్షణ గది ఉండాలని చట్టం చెబుతోంది. ఆసుపత్రి సిబ్బందిపై దాడులను శిక్షించే చట్టం 2008 నుంచే మన రాష్ట్రంలో ఉంది. ఈ హక్కులు అడగకుండా అమలు కావు, కానీ ఉన్నాయని తెలిసినవారే అడగగలరు. పిల్లలు చిన్నగా ఉన్న నాలుగేళ్లు పగటి డ్యూటీలున్న డయాలసిస్, ఓపీ, ఫ్యాక్టరీ, పరిశోధన పనులకు మారి, తర్వాత ఐసీయూకు తిరిగి వెళ్లగల వెసులుబాటు ఈ వృత్తిలో ఉంది. ఆ వెసులుబాటు ఇచ్చేది కూడా మొదట కూడబెట్టిన అనుభవమే.

ముగింపు

నోటిఫికేషన్లు వస్తాయి, పోతాయి. వీసా నియమాలు ప్రభుత్వంతో పాటు మారుతాయి. కోర్సుల పేర్లు, హోదాల పేర్లు కూడా మారుతున్నాయి. దాదాపు ఎనభై ఏళ్ల లెక్క చూసినా మారనిది ఒక్కటే: చేయి తిరిగిన నర్సుల కొరత. దుండిగల్, మేడ్చల్, షామీర్‌పేట పరిసరాల్లో బైపీసీ చదువుతున్న పిల్లలూ, వారి తల్లిదండ్రులూ చేయాల్సిన మొదటి పని తేలికైనదే. ఫీజు కట్టే ముందు ఒక ఉదయం ఆ కళాశాల ఆసుపత్రి వార్డుకు వెళ్లి, ఎన్ని మంచాల్లో రోగులున్నారో లెక్కపెట్టి రండి. ఆ మంచాల దగ్గర నేర్చుకున్నదే తర్వాత ఎక్కడికి వెళ్లినా అన్నం పెడుతుంది.